వేరుశనగకు తిండి తగ్గితే ఏ జన్యువును నమ్మాలి?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో సున్నం పాళ్లు ఎక్కువున్న నేలల్లో వేరుశనగ వేసిన రైతుకు లేత ఆకులు పాలిపోవడం కొత్తేమీ కాదు. ఈనెలు పచ్చగానే ఉంటాయి, వాటి మధ్య భాగం పసుపెక్కుతుంది, ముదిరితే ఆకు దాదాపు తెల్లబడిపోతుంది. నేలలో ఇనుము లేక కాదు, ఉన్న ఇనుము సున్నం వల్ల వేరుకు అందని రూపంలో ఉండిపోవడం వల్ల. ఎకరాకు కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు 200 లీటర్ల నీళ్లలో కలిపి కొట్టమని సలహా ఇస్తారు. వారం తేడాతో రెండు మూడు సార్లు కొడితే చేను తేరుకుంటుంది.

రైతు సమస్య అక్కడికి తీరుతుంది. అదే చేనులో ఒక రకం పచ్చగా నిలబడితే పక్క సాళ్లలోని ఇంకో రకం ఎందుకు పాలిపోయిందన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలాంటి చోట కొత్త రకాలు తయారుచేసేవాళ్లకైనా, అనంతపురం, కడప విశ్వవిద్యాలయాల్లో బయోటెక్నాలజీ మీద పీహెచ్‌డీ చేసేవాళ్లకైనా ఈ ప్రశ్నకు జవాబు వెతికే దారుల్లో ఒకటి జన్యువుల పనితీరును కొలవడం. ఇనుము దొరకనప్పుడు వేరుశనగ లాంటి మొక్కల వేర్లు నేలను కాస్త ఆమ్లంగా మారుస్తాయి, ఎఫ్‌ఆర్‌ఓ జన్యువు తయారుచేసే ఎంజైముతో ఇనుము రూపాన్ని మారుస్తాయి, ఐఆర్‌టీ1 అనే వాహక ప్రోటీనుతో దాన్ని లోపలికి లాక్కుంటాయి. తట్టుకునే రకంలో ఈ జన్యువులు ఎన్ని రెట్లు ఎక్కువ పనిచేస్తున్నాయో చూడాలంటే చేతిలో ఉన్న మామూలు సాధనం రియల్ టైమ్ పీసీఆర్. ఈ కొలతలో ఎక్కువమంది పట్టించుకోకుండా దాటేసే మెట్టు రిఫరెన్స్ జన్యువు ఎంపిక. పోషకాల మీద చేసే ప్రయోగాల్లో మిగతా ప్రయోగాల కంటే ఈ మెట్టు దగ్గరే జారిపడే అవకాశం ఎక్కువ.

రియల్ టైమ్ పీసీఆర్ యంత్రం చెప్పేది ఒకే ఒక అంకె, సీటీ. జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే నకలు ఆర్‌ఎన్‌ఏ. ఆకు నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏ రూపమైన సీడీఎన్‌ఏగా మార్చి, మనకు కావలసిన ముక్కను సైకిల్ సైకిల్‌కూ రెట్టింపు చేస్తూ పోతే, దాంతోపాటు పెరిగే వెలుగు ఎన్నో సైకిల్‌లో ముందే పెట్టుకున్న గీత దాటిందో అదే సీటీ. మొదట్లో సరుకు ఎక్కువ ఉంటే గీత తొందరగా దాటుతుంది, సీటీ తక్కువ వస్తుంది. ఒక్క సీటీ తేడా అంటే రెండు రెట్లు, మూడు సీటీల తేడా అంటే ఎనిమిది రెట్లు. అయితే ఒక గొట్టంలో ఆర్‌ఎన్‌ఏ కొంచెం ఎక్కువ పడవచ్చు, ఇంకోదాంట్లో సీడీఎన్‌ఏ సరిగా తయారు కాకపోవచ్చు. ఈ తేడాలు తీసేయడానికి, అన్ని మొక్కల్లోనూ ఒకే మోతాదులో పనిచేస్తుందని అనుకునే జన్యువును పక్కన పెట్టి కొలుస్తారు. అదే రిఫరెన్స్ జన్యువు. దాని సీటీని లక్ష్య జన్యువు సీటీలోంచి తీసేసి, ఆ తేడాల తేడాతో లెక్క కడతారు. 2001లో లివాక్, ష్మిట్‌జెన్ రాసిన ఆ లెక్కే ఇప్పటికీ ఎక్కువ ల్యాబుల్లో నడుస్తోంది. లెక్క మంచిదే, కాకపోతే రిఫరెన్స్ జన్యువు కదలదన్న నమ్మకం మీదే అది మొత్తం నిలబడి ఉంది. రెండు మూటల శనక్కాయలు తూచేటప్పుడు ఒక్కో మూటకూ ఒక్కో బరువున్న పడికట్టు రాయి వేస్తే, కాటా ఎంత మంచిదైనా రైతుకు ఒరిగేదేమీ ఉండదు.

ఎంత నష్టం జరుగుతుందో అంకెల్లో చూద్దాం. పోషకాలు సరిగా అందిన మొక్కలో లక్ష్య జన్యువు సీటీ 26, రిఫరెన్స్ సీటీ 20 అనుకుందాం. తేడా 6. లోపం ఉన్న మొక్కలో లక్ష్య జన్యువు ఏమీ మారలేదు, సీటీ 26గానే ఉంది. రిఫరెన్స్ జన్యువు మాత్రం నీరసించి 21.5కు జారింది. తేడా 4.5 అయింది. 6లోంచి 4.5 తీస్తే 1.5, రెండుకు 1.5 ఘాతం వేస్తే 2.83. అంటే పోషక లోపంలో లక్ష్య జన్యువు దాదాపు మూడు రెట్లు పెరిగిందని గ్రాఫ్ వస్తుంది, దాని మీద తేడా నమ్మదగినదన్న నక్షత్రం గుర్తు కూడా పడుతుంది. నిజానికి అక్కడ ఏమీ జరగలేదు. పైగా లోపం ఉన్న మూడు మొక్కలు కొలిచినా, మూడింట్లోనూ రిఫరెన్స్ ఒకేలా జారితే మొక్కకూ మొక్కకూ తేడా చూపే ఎర్రర్ బార్లు చిన్నవిగానే ఉంటాయి, ఎవరికీ అనుమానం రాదు. కొలత గజిబిజిగా వస్తే మనిషి జాగ్రత్త పడతాడు, ఇలా నీటుగా తప్పు వస్తేనే ప్రమాదం.

భాస్వరం ఆకలిలో వందల రెట్లు పెరిగే జన్యువులు ఉన్నాయి. అలాంటి చోట రెండు మూడు రెట్ల పొరపాటు పెద్దగా కనిపించదు. కానీ రెండు రకాల మధ్య తేడా, రెండు ఎరువుల మోతాదుల మధ్య తేడా సాధారణంగా రెండు మూడు రెట్ల దగ్గరే ఆడుతుంటుంది. మన ప్రాంతంలో అసలు పనికొచ్చే ప్రశ్నలు ఇవే, పొరపాటు కూడా సరిగ్గా అంతే సైజులో ఉంటుంది.

రిఫరెన్సుగా వాడుతూ వస్తున్న జన్యువులను హౌస్‌కీపింగ్ జన్యువులు అంటారు. కణం బతకడానికి రోజూ చేయాల్సిన పనులు ఇవి చేస్తాయి కాబట్టి ఎప్పుడూ ఒకేలా ఉంటాయని ఒక ఊహ. తిండి తగ్గిన మొక్క మొదట కోత పెట్టేది ఈ రోజువారీ పనుల ఖర్చులోనే. అందుకే ఏ పోషకం తీసేశామో చూడకుండా రిఫరెన్స్ ఎంచుకోవడం అర్థం లేని పని.

భాస్వరం సంగతే తీసుకుంటే, జీఏపీడీహెచ్ అందరికీ అలవాటైన రిఫరెన్స్. చక్కెరను విరగ్గొట్టే దారిలో ఆ జన్యువు తయారుచేసే ఎంజైము పనిచేయాలంటే ఫాస్ఫేటు ముడిసరుకుగా కావాలి. ఫాస్ఫేటు కరువైనప్పుడు మొక్కలు ఆ మెట్టును తప్పించుకుని, ఫాస్ఫేటు అక్కర్లేని ఇంకో ఎంజైముతో పక్కదారి పడతాయని ఆవ జాతి మొక్కల కణాల మీద జరిగిన పనిలో తేలింది. మనం కొలవబోతున్న మార్పు మధ్యలోనే కూర్చున్న జన్యువును కొలబద్దగా పెట్టుకున్నట్టయింది. ఇనుము విషయంలోనూ జీఏపీడీహెచ్‌ను నమ్మలేం. ఇనుము అందని దోస వేర్లలో చక్కెరను విరగ్గొట్టే పని పెరుగుతుందని చాలాకాలంగా తెలుసు, ఎందుకంటే ఇనుమును లాక్కోవడానికి వేరుకు శక్తి కావాలి.

ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలైన రైబోజోముల్లో ఉండే 18ఎస్ ఆర్‌ఎన్‌ఏ ఇంకో పాత అలవాటు. మొక్కలో సేంద్రియ రూపంలో ఉన్న భాస్వరంలో పెద్ద వాటా ఆర్‌ఎన్‌ఏదే, అందులోనూ సింహభాగం రైబోజోములది. భాస్వరం కరువైతే మొక్క ఆర్‌ఎన్‌ఏను కత్తిరించే ఎంజైములను పెంచి ఆ నిల్వను కరిగించుకుంటుంది. ఇది చాలదన్నట్టు 18ఎస్ సీటీ పది అటూఇటూగా వస్తే లక్ష్య జన్యువుది పాతిక దాటుతుంది. అంత దూరంలో ఉన్న రెండింటిని పోల్చడం లెక్కకు మంచిది కాదు. ఇంకో సాంకేతిక చిక్కు కూడా ఉంది. చాలామంది సీడీఎన్‌ఏను ఓలిగో డీటీ ప్రైమరుతో (ప్రైమరు అంటే నకలు తీయడాన్ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) తయారుచేస్తారు, అది తోకన ‘ఏ’ (A) అనే అక్షరాల వరుస ఉన్న సందేశ ఆర్‌ఎన్‌ఏనే పట్టుకుంటుంది. 18ఎస్‌కు ఆ తోక ఉండదు. అయినా ఏదో ఒక సీటీ వస్తుంది, దాన్ని నమ్మేస్తారు.

నత్రజని తగ్గితే ముదురాకుల్లోని ప్రోటీన్లను విరగ్గొట్టి లేత ఆకులకు పంపడం మొదలవుతుంది. ఈ విరగ్గొట్టే యంత్రాంగంలో, విరగ్గొట్టాల్సిన ప్రోటీన్లకు గుర్తుగా అతుక్కునే యుబిక్విటిన్‌ది ముఖ్యమైన పాత్ర, కాబట్టి దాన్ని తయారుచేసే పాలీయుబిక్విటిన్ జన్యువును అక్కడ రిఫరెన్సుగా పెట్టడం సాహసమే. ప్రోటీన్ల తయారీలో ఉండే ఈఎఫ్1 ఆల్ఫా కూడా నత్రజని, గంధకం లోపాల్లో అనుమానితుల జాబితాలోకే వస్తుంది. యాక్టిన్, ట్యుబులిన్ కణం ఆకారాన్ని నిలబెట్టేవి. భాస్వరం, ఇనుము తగ్గినప్పుడు నూగువేర్లు పొడవు సాగుతాయి, కొత్తవి పుట్టుకొస్తాయి, అంటే వేరులో ఈ రెండింటికీ పని పెరుగుతుంది. ఇవేవీ పనికిరావని కాదు. ఆకులో నిలకడగా ఉన్న యాక్టిన్ వేరులో కదలొచ్చు, భాస్వరంలో కదిలింది పొటాష్‌లో నిలబడొచ్చు. ఏ పరిస్థితిలో ఎలా ఉంటుందో చూపించకుండా దాన్ని నమ్మమనడమే తప్పు.

అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద జెర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ బృందం 2005లో ఈ అలవాటును గట్టిగా కుదిపింది. వేల జన్యువులను ఒకేసారి కొలిచే చిప్‌ల సమాచారం మొత్తం ముందు పెట్టుకుని, ఎదుగుదల దశలు, ఒత్తిళ్లు, హార్మోన్లు, పోషక లోపాలు అన్నిటిలో ఏ జన్యువులు తక్కువ కదిలాయో వెతికింది. పాత రిఫరెన్సుల కంటే నిలకడైనవి వందల్లో బయటపడ్డాయి. పీపీ2ఏ ఉపభాగం ఒకటి, టిప్41 లాంటిది, శాండ్ కుటుంబానిది, యుబిక్విటిన్‌ను అంటించే యూబీసీ ఎంజైముది, ఇలాంటి పేర్లు అప్పటి నుంచి అన్ని పంటల ప్రయోగాల్లో వినబడుతున్నాయి. వీటిలో చాలావాటి మోతాదు లక్ష్య జన్యువుల మోతాదుకు దగ్గరగా ఉండటం ఇంకో సౌలభ్యం. తర్వాత రియల్ టైమ్ పీసీఆర్ ఫలితాలను ఎలా రాయాలో చెబుతూ 2009లో వచ్చిన ఎంఐక్యూఈ మార్గదర్శకాలు రిఫరెన్స్ జన్యువు ఎందుకు ఎంచుకున్నారో, ఎన్ని వాడారో రుజువుతో చెప్పాలని అడిగాయి. అప్పటి నుంచి ఇన్నేళ్లయినా ఒకే ఒక్క యాక్టిన్‌తో వచ్చే పేపర్లకు కొదవ లేదు.

ఎంపిక చేసే పద్ధతి చూడటానికి తేలిక. వేర్వేరు పనులు చేసే జన్యువులు ఎనిమిదో పదో తీసుకోవాలి, అన్ని నమూనాల్లో వాటి సీటీలు కొలవాలి, సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి. 2002లో వచ్చిన జీనార్మ్ ప్రతి జన్యువును మిగతా వాటితో జతకట్టి, జతల మధ్య నిష్పత్తి ఎంత కదులుతోందో చూసి ఎమ్ అనే విలువ ఇస్తుంది, అది 1.5 దాటకూడదంటారు. ఇది చాలా ఉదారమైన గీత, పోషకాల ప్రయోగంలో 1.4 వచ్చిన జన్యువును మంచిదని మురిసిపోవడం కుదరదు. ఇంకో జన్యువు కలిపితే లాభం ఉందా అన్నదానికి వీ విలువ చెబుతుంది, 0.15 కంటే తగ్గితే ఉన్నవి చాలు. 2004లో వచ్చిన నార్మ్‌ఫైండర్ దారి వేరు. నమూనాలను లోపం ఉన్నవి, లేనివి అని గుంపులు చేసి, గుంపు లోపలి కదలికనూ గుంపుల మధ్య కదలికనూ విడిగా లెక్కిస్తుంది. అదే ఏడాది వచ్చిన బెస్ట్‌కీపర్ సీటీల చెదురును, పరస్పర సంబంధాన్ని చూస్తుంది.

జీనార్మ్‌కు ఒక బలహీనత ఉంది, పోషకాల ప్రయోగాల్లో అది పెద్దది. రెండు జన్యువులు కలిసి పైకి, కలిసి కిందికి కదిలితే వాటి నిష్పత్తి మారదు. రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులు రెండు జాబితాలో పెట్టి నత్రజని తీసేస్తే రెండూ జంటగా పడిపోతాయి, జీనార్మ్ మాత్రం వాటికి మొదటి రెండు ర్యాంకులు ఇచ్చేస్తుంది. లోపం, లోపం లేకపోవడం అన్న తేడాయే ప్రయోగం మొత్తానికి ప్రాణమైనప్పుడు గుంపుల మధ్య కదలికను విడిగా చూసే నార్మ్‌ఫైండర్ మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలన్నది ఈ వ్యాసం అభిప్రాయం. అన్ని పద్ధతుల ర్యాంకులూ కలిపి ఒక్క ర్యాంకు ఇచ్చే రెఫ్‌ఫైండర్ వెబ్‌సైట్ బాగా పాపులర్ అయింది. సీటీలు అతికిస్తే చాలు, రంగుల పటం వచ్చేస్తుంది. మామూలుగా వాడినప్పుడు అది ప్రతి ప్రైమరూ నూటికి నూరు సమర్థతతో, అంటే సైకిల్‌కు సరిగ్గా రెట్టింపు చేస్తూ, పనిచేస్తోందని అనుకుంటుంది. ప్రైమర్ సమర్థత తెలియాలంటే సీడీఎన్‌ఏను పది రెట్ల చొప్పున పలచన చేస్తూ గీత గీసి వాలు చూడాలి. వాలు మైనస్ 3.32 వస్తే నూరు శాతం, 90 నుంచి 110 మధ్య ఉంటే వాడుకోవచ్చు. ర్యాంకులు ఒకదానితో ఒకటి కలవకపోతే కంగారు పడాల్సింది లేదు, సీటీల పట్టికను గుంపుల వారీగా ఒకసారి కళ్లతో చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. చాలామంది ఆ పట్టికను చూడరు.

ఒక్క రిఫరెన్స్ కాకుండా రెండు మూడు తీసుకుని వాటి గుణోత్తర సగటు వాడితే, వేర్వేరు పనులవి అయినంతవరకు, ఒకదాని తప్పు ఇంకోటి కొంత సరిదిద్దుతుంది.

వేరుశనగకు దానివే కొన్ని చిక్కులున్నాయి. ఇందులో రెండు అడవి జాతుల క్రోమోజోములు కలిసి ఉన్నాయి, ‘ఏ’ (A) అనే భాగంలో ఇరవై, ‘బీ’ (B) అనే భాగంలో ఇరవై, మొత్తం 40. సాగు వేరుశనగ పూర్తి జన్యు పటం 2019లో అచ్చయింది. దాదాపు ప్రతి జన్యువుకూ రెండు భాగాల్లో కవల ప్రతులు ఉంటాయి కాబట్టి ప్రైమర్ ఒకదాన్ని పట్టుకుంటోందా, రెంటినీ పట్టుకుంటోందా అన్నది ముందే తేల్చుకోవాలి. రెంటినీ పట్టుకున్నా, పీసీఆర్ చివర్లో ముక్కలను వేడి చేసి చూసే కరిగే వక్రరేఖలో ఒకటే శిఖరం కనిపించొచ్చు, కాబట్టి ఆ వక్రరేఖ ఒక్కటే చాలదు.

వేర్లలో బుడిపెలు ఇంకో కథ. వేరుశనగ వేరు బుడిపెల్లో నత్రజనిని పట్టి ఇచ్చే బ్యాక్టీరియా ఉంటుంది. నేలలో నత్రజని తగ్గితే బుడిపెలు పెరుగుతాయి, ఎక్కువైతే తగ్గుతాయి. వేరు అంటూ రెండు కుండీల నుంచి తీసిన నమూనాల్లో ఒకదాంట్లో బుడిపెల కణజాలం, దాంతోపాటు బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ కూడా ఎక్కువ ఉంటుంది. అప్పుడు జన్యువు మారిందో, కణజాలమే మారిందో చెప్పలేం. బుడిపెలు గిల్లి పక్కన పెట్టాలి, లేదా బుడిపెలను వేరే నమూనాగా లెక్కించి రిఫరెన్సును అందులోనూ పరీక్షించాలి.

జిప్సం విషయంలో ఆకును చూసి లాభమే లేదు. పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమనడానికి కారణం, కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చాలావరకు నేలలోంచి నేరుగా పీల్చుకోవడం. కాల్షియం చాలకపోతే కాయ పైకి బాగానే కనిపిస్తుంది, పగలగొడితే లొట్ట. ఈ ప్రశ్నకు నమూనా ఊడలు, పిందెలే. పిందె ఎదిగే కొద్దీ అందులో పని మొత్తం మారిపోతుంది, మొదట కణాలు పెరుగుతాయి, తర్వాత నూనె, ప్రోటీను చేరతాయి. ఆ దశలన్నిటా నిలకడగా ఉండే రిఫరెన్స్ దొరకడం కష్టం. దశ వారీగా విడదీసి, ఒక్కో దశలో జిప్సం వేసినవీ వేయనివీ పోల్చుకోవడమే నిజాయతీ అయిన పని. ఏ ఆకు కోయాలన్నదీ పోషకాన్ని బట్టే. ఇనుము మొక్కలో ఒకచోట నుంచి ఇంకోచోటికి సులువుగా కదలదు కాబట్టి లేత ఆకు, నత్రజని కదులుతుంది కాబట్టి ముదురాకు.

ఇక చేను. పోషక లోపం రిఫరెన్సుల మీద వచ్చిన పరిశోధనల్లో ఎక్కువ భాగం గది ఉష్ణోగ్రత అదుపులో పెట్టి, మొక్కకు కావలసిన పోషకాలన్నీ కలిపిన హోగ్లాండ్ ద్రావణంలో ఒక లవణం తీసేసి చేసినవి. అనంతపురంలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, ఖరీఫ్ వేరుశనగ ఎక్కువగా వర్షాధారం. నేలలో భాస్వరం తేమ గుండానే వేరు దాకా చేరుతుంది, ఎర్రనేల ఎండిపోతే ఉన్న భాస్వరం కూడా అందదు. అంటే ఇక్కడ భాస్వరం లోపం నీటి ఎద్దడితో జంటగా వస్తుంది. సున్నపు నేలల్లో ఇనుము లోపం దీనికి తిరగబడి ఉంటుంది, ముసురు పట్టి నేల నానినప్పుడు బైకార్బొనేటు పెరిగి పసుపు ఎక్కువవుతుంది. ఒకటి ఎండలో, ఇంకోటి తడిలో. ద్రావణంలో భాస్వరానికి నిలబడ్డ జన్యువు, చేనులో భాస్వరంతో పాటు దాహాన్ని కూడా తట్టుకుని నిలబడాలి, ఆ పరీక్ష ద్రావణంలో జరగలేదు. అరువు తెచ్చుకున్న రిఫరెన్స్ జాబితా పరీక్షకు పెట్టాల్సిన పేర్లు ఇస్తుంది, అంతకు మించి ఏమీ ఇవ్వదు.

కుండీల్లో చేసినా ఒక జాగ్రత్త. పొటాషియం ఫాస్ఫేటు తీసేస్తే భాస్వరంతో పాటు పొటాష్ కూడా పోతుంది, దాని లోటును పొటాషియం క్లోరైడ్‌తో పూడ్చాలి. లేకపోతే రెండు లోపాలు కలిపి ఒకటిగా రాసుకున్నట్టే. తిండి లేని మొక్క ఎదుగుదలలో వెనకబడుతుంది కాబట్టి తిండి ఉన్నదాన్నీ లేనిదాన్నీ ఇరవయ్యో రోజున కోస్తే వయసు ఒకటే, దశ వేరు. చేనులో నమూనా కోసేటప్పుడు దాన్ని వెంటనే గడ్డకట్టించే ద్రవ నత్రజని క్యాన్ పక్కనే ఉండాలి, కోత వేళ కూడా ఒకటే ఉండాలి, ఉదయం తొమ్మిదికి ఒక మడి, మధ్యాహ్నం రెండుకు ఇంకో మడి కోస్తే ఎండ ప్రభావమూ రోజు వేళల ప్రభావమూ ఎరువు ప్రభావంలా కనిపిస్తాయి.

నంద్యాల వైపు కొర్ర మీద పనిచేసేవాళ్లకు ఒక విధంగా సుఖం. కొర్ర జన్యు పటం 2012లోనే వచ్చింది, తొమ్మిది జతల క్రోమోజోములే, కవల ప్రతుల గొడవ తక్కువ. ఉప్పు, నీటి ఎద్దడి పరిస్థితుల్లో రిఫరెన్స్ జన్యువులను పరీక్షించిన పని కూడా మన దేశంలోనే జరిగింది. అయితే ఉప్పుకు నిలబడ్డది జింకు లోపానికి నిలబడుతుందన్న హామీ లేదు. పైగా కొర్ర గడ్డి జాతి, ఇనుము కోసం వేరు నుంచి పట్టుకునే పదార్థాలు విడిచి, ఇనుముతో సహా తిరిగి పీల్చుకుంటుంది. వేరుశనగలో చూసే లక్ష్య జన్యువులు ఇక్కడ వేరు, రిఫరెన్స్ జాబితా కూడా వేరుగా పరీక్షించాల్సిందే.

ఇదంతా చిన్న ల్యాబుకు భరించలేని ఖర్చు అనిపించవచ్చు. లెక్క వేస్తే అంత ఉండదు. లోపం ఉన్నవి, లేనివి, ఆకు, వేరు, ఒక్కోదానికి మూడేసి మొక్కలు, అంటే 12 నమూనాలు. ఒక జన్యువుకు, ఒక్కో నమూనాకు పీసీఆర్ ప్లేట్ మీద మూడేసి గుంటల చొప్పున 36. ఒక జన్యువుకు సంబంధించిన నమూనాలన్నీ ఒకే ప్లేట్ మీద ఉండాలి, అప్పుడే ప్లేట్‌కూ ప్లేట్‌కూ ఉండే తేడా లెక్కలోకి దూరదు. 96 గుంటల ప్లేట్‌లో రెండు జన్యువులకు 72 గుంటలు, సీడీఎన్‌ఏ లేని ఖాళీ పరీక్షలకు ఆరు. ఒక ప్లేట్‌లో మిగిలిన 18 గుంటల్లో 12 నమూనాల ఆర్‌ఎన్‌ఏనూ సీడీఎన్‌ఏగా మార్చకుండా వేసి డీఎన్‌ఏ కల్తీ చూసుకోవచ్చు. ఎనిమిది జన్యువులకు నాలుగు ప్లేట్లు, పలచన గీతలకు ఐదు మెట్లు రెండేసి సార్లు వేస్తే 80 గుంటలు, అంటే ఇంకో ప్లేట్. మొత్తం ఐదు. చివర్లో ఐఆర్‌టీ1 లాంటి తెలిసిన జన్యువును మంచి ర్యాంకు వచ్చిన జంటతో ఒకసారి, అట్టడుగు ర్యాంకు వచ్చిన దానితో ఒకసారి లెక్క కట్టి రెండు ఫలితాలనూ పక్కపక్కన అచ్చువేస్తే, ఆ ఐదు ప్లేట్లు ఎందుకు ఖర్చు చేశారని గైడ్ గానీ రివ్యూయర్ గానీ అడగరు.